గుర్తుతెలియని శవాన్ని దహనం చేసే ముందు ఒక పన్ను తీసి దాచండి

గౌరవనీయులైన రాష్ట్ర హోం మంత్రి గారికి, డీజీపీ గారికి, ఎన్టీఆర్ జిల్లా పోలీస్ కమిషనర్ గారికి, గుంటూరు జిల్లా ఎస్పీ గారికి నమస్కారాలు.

నేను గుంటూరు జిల్లాలో కృష్ణా పశ్చిమ కాలువ పక్క ఊళ్లలో వీఆర్వోగా పనిచేసి రిటైరయ్యాను. కాలువలో శవం కనబడితే పోలీసులకు మొదట కబురు చేసేదీ, ఫిర్యాదు కాగితం రాసిచ్చేదీ చాలాసార్లు వీఆర్వోనే. మర్నాడు పేపరు జిల్లా పేజీలో చిన్న వార్త వస్తుంది. ‘గుర్తుతెలియని మృతదేహం లభ్యం. వీఆర్వో ఫిర్యాదు మేరకు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’ అని. ఆ తర్వాత ఏం జరుగుతుందో జనానికి తెలియదు. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

నా విన్నపం ముందే చెప్పేస్తాను. ఎవరిదో తెలియని మృతదేహాన్ని గానీ, ఎముకలను గానీ దహనానికి పంపే ముందు ఒక దవడ పన్ను, ఒక తొడ ఎముక ముక్క తీసి, నంబరు వేసి భద్రపరచాలి. వీలైన ప్రతిచోటా దహనం మానేసి ఖననం చేయించాలి. ఏ గోతిలో ఏ కేసు మనిషి ఉన్నదీ రాసిపెట్టాలి. ఇది ఒక మంచి ఎస్సై ఉన్నచోట జరిగి, ఇంకోచోట జరగకుండా పోయే పని కాకూడదు. మీ నుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు రావాలి.

ఇది అడగడానికి నాకున్న కారణం ఒక కేసు. జరిగి పదేళ్లు దాటింది. వేసవిలో కాలువ కట్టేసి పూడిక తీస్తున్నారు. పొక్లెయిన్ బకెట్‌లో బురదతో పాటు ఒక పుర్రె పైకొచ్చింది. డ్రైవరు బండి ఆపేసి గట్టెక్కాడు. పోలీసులు వచ్చాక కూలీలు చేతులతో బురద తోడితే తొడ ఎముకలు, తుంటి ఎముక, కొన్ని పక్కటెముకలు దొరికాయి. అన్నీ దొరకలేదు. నీళ్లలో చాలాకాలం ఉన్న శవం కీళ్ల దగ్గర విడిపోతుంది, చిన్న ఎముకలు ముందు పోతాయి. ఎర్రటి పాలిస్టర్ చీర పీలికలు, నల్లబడిన వెండి మెట్టెలు, ఒక బొడ్డుసంచి కూడా దొరికాయి. సంచిలో చిన్న తాళంచెవి ఉంది, ట్రంకుపెట్టెకు వేసే తాళానిది. కాగితం ముక్క లేదు, ఫోను లేదు.

పంచనామా మీద నేనూ సంతకం పెట్టాను. డాక్టరు తుంటి ఎముక చూసి ఆడమనిషి అని చెప్పారు. ఎముకల చివర్లు పూర్తిగా అతుక్కుని, పళ్లు కొంత అరిగి ఉన్నాయి కాబట్టి వయసు 30కి 45కి మధ్య అన్నారు. తొడ ఎముక పొడవును బట్టి ఎత్తు 5 అడుగులకు కాస్త అటూ ఇటూ. చనిపోయి ఆరు నెలలు దాటి ఉంటుంది. మరణానికి కారణం మాత్రం చెప్పలేమని రాశారు. కాలు జారి పడిందా, తనే దూకిందా, ఎవరైనా చంపి పడేశారా, మాకెవరికీ తెలియలేదు. పుర్రె మీద దెబ్బ లేదు. అంతమాత్రాన హత్య కాదని అనుకోవడానికి లేదు. పీక నొక్కి చంపితే విరిగే అవకాశమున్న చిన్న ఎముక ఒకటి గొంతులో ఉంటుంది. అది ఆ బురదలో దొరకనే లేదు.

చుట్టుపక్కల స్టేషన్లలో మిస్సింగ్ కేసులు చూశారు. సరిపోయేది ఒక్కటీ లేదు. దర్యాప్తు చేసిన ఎస్సైకి బదిలీ అయింది. ఎముకలను శ్మశానంలో ఒక మూల పూడ్చారు. కొన్నాళ్లకు ఫైలు మూసేశారు.

ఆమె కాళ్లకు మెట్టెలున్నాయి. అంటే పెళ్లయిన మనిషి. ఆమె కనబడకుండా పోయిన సంగతి ఎవరో ఒకరికి కచ్చితంగా తెలుసు. మరి ఎవరూ ఎందుకు రాలేదు? వెతికినవాళ్లు వేరే జిల్లాలో వెతికి ఉండవచ్చు. లేదా ఆమె ఇంట్లోవాళ్లు అసలు ఫిర్యాదే ఇవ్వకపోయి ఉండవచ్చు. రెండోదే నిజమైతే అన్నిటికంటే పెద్ద అనుమానం అక్కడే ఉంది. ఎవరో తెలిస్తే తప్ప ఎవరిని అడగాలో తెలియదు. హత్య కేసు దర్యాప్తు చచ్చిపోయినవాళ్ల పేరుతో మొదలవుతుంది. ఆ పేరు దొరక్కపోతే, చంపినవాడు ఉంటే వాడు మన మధ్యే హాయిగా తిరుగుతున్నాడన్నమాట.

మన ప్రాంతంలో ఈ సమస్య ఎందుకింత చిక్కుగా ఉంటుందో మీకు తెలియంది కాదు. అయినా చెబుతాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నాలుగు దారులు పడుతుంది. విజయవాడ వైపు ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, సీతానగరం వైపు పశ్చిమ ప్రధాన కాలువ. విజయవాడ నడిబొడ్డున ఏలూరు కాలువలో పడిన మనిషి ఏలూరు జిల్లాలో తేలవచ్చు. బందరు కాలువలో పడితే కృష్ణా జిల్లాలో తేలవచ్చు. సీతానగరం దగ్గర పడితే దుగ్గిరాల లాకుల దగ్గర ఆగవచ్చు, లేదంటే కొమ్మమూరు కాలువలోకి వెళ్లి బాపట్ల జిల్లాలో ఎక్కడో గట్టుకు తగలవచ్చు. గేట్లు ఎత్తిన రోజుల్లో అయితే నది వెంట లంకల్లోకి పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి. అంత వరదలో కొట్టుకుపోయిన మనిషి ఎక్కడ తేలాలో ఎవరు చెప్పగలరు? ఊరు మారిన శవం స్టేషన్ మారుతుంది, స్టేషన్ మారితే ఫైలు మారుతుంది. ఇంట్లోవాళ్లు మాత్రం తమ ఊరి స్టేషన్ చుట్టూనే తిరుగుతుంటారు.

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత కృష్ణా జిల్లా, పాత గుంటూరు జిల్లా ముక్కలయ్యాయి. పరిపాలనకు అది మంచిదే కావచ్చు. కానీ ఒకప్పుడు ఒకే ఎస్పీ కింద ఉన్న స్టేషన్లు ఇప్పుడు ముగ్గురు ఎస్పీల కింద ఉన్నాయి. పాత ‘గుర్తుతెలియని’ ఫైళ్లు ఎక్కడెక్కడున్నాయో ఒకచోట కూర్చుని లెక్క చూసినవాళ్లు ఉన్నారా అని నా అనుమానం.

రైలు పట్టాల మీద చనిపోయినవాళ్లది ఇంకో లోకం. విజయవాడ జంక్షన్‌కు చెన్నై నుంచి, హౌరా నుంచి, ఢిల్లీ నుంచి, హైదరాబాద్ నుంచి లైన్లు వచ్చి కలుస్తాయి. పట్టాల మీద దొరికిన శవం రైల్వే పోలీసుల పరిధి, పట్టా పక్కన పొలంలో దొరికితే ఊరి స్టేషన్ పరిధి. చనిపోయింది ఒడిశా నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వచ్చిన కూలీ కావచ్చు. అతని కోసం వెతికేవాళ్లకు తెలుగు రాదు, ఏ స్టేషన్‌కు ఫోను చేయాలో తెలియదు.

కంప్యూటర్లు లేక కాదు. దేశంలోని పోలీస్ స్టేషన్లను కలిపే కంప్యూటర్ వ్యవస్థ సీసీటీఎన్‌ఎస్ ఉంది. అందులో తప్పిపోయినవాళ్ల వివరాలు, గుర్తుతెలియని మృతదేహాల వివరాలు రెండూ ఎక్కిస్తారు. కానీ ఏమని ఎక్కిస్తారు? ‘వయసు సుమారు 35, చామనఛాయ, ఎరుపు చీర’ అని. ఇలాంటి వర్ణనకు సరిపోయేవాళ్లు రాష్ట్రంలో ఎంతమంది లేరు? నీళ్లలో రెండు మూడు రోజులున్న ముఖం ఉబ్బిపోయి, చర్మం రంగు మారిపోయి కన్నతల్లి కూడా గుర్తుపట్టలేనట్టు అవుతుంది. ఆ ఫొటో పెట్టి ‘తెలిసినవారు సంప్రదించండి’ అంటే ఎవరు సంప్రదిస్తారు? చొక్కా కాలరు వెనక దర్జీ లేబుల్ చూసి, ఆ దర్జీ షాపు వెతుక్కుంటూ వెళ్లి మనిషి ఊరు కనిపెట్టిన కానిస్టేబుళ్లను నేను చూశాను. వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఇప్పుడు అందరూ రెడీమేడ్ చొక్కాలే వేసుకుంటున్నారు, ఆ దారి కూడా మూసుకుపోతోంది.

ఆధార్ ఉంది కదా, వేలిముద్ర వేస్తే తెలిసిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. 2016 నాటి ఆధార్ చట్టం ప్రకారం వేలిముద్రలు, కనుపాప వివరాలు ఎవరికీ ఇవ్వకూడదు. పోలీసుల దగ్గరున్న వేలిముద్రల వ్యవస్థలో ప్రధానంగా ఉండేది అరెస్టయినవాళ్లవి, శిక్ష పడినవాళ్లవి. ఏ కేసూ లేని మామూలు గృహిణి వేలిముద్ర అందులో ఎలా ఉంటుంది? ఇక ఎముకలే మిగిలినచోట వేలిముద్రల మాటే లేదు.

మిగిలింది డీఎన్‌ఏ. అందుకే పన్ను గురించి ఇంతగా అడుగుతున్నాను. శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం పంటి మీది ఎనామిల్. కండ కుళ్లిపోయినా, ఎముక నానిపోయినా దవడ పంటి లోపల ఉన్న డీఎన్‌ఏ ఏళ్ల తరబడి నిలుస్తుంది. తొడ ఎముక మధ్య భాగం కూడా గట్టిదే. వాటి నుంచి వచ్చిన ప్రొఫైల్‌ను, అంటే ఆ మనిషి డీఎన్‌ఏ గుర్తుల వివరాలను, తల్లితోనో తండ్రితోనో బిడ్డతోనో పోల్చవచ్చు. ఎముక బాగా పాడైపోతే, తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ అయినా దొరకవచ్చు. అప్పుడు అక్కచెల్లెలో, తల్లివైపు మేనమామో ఉన్నా పోల్చి చూడవచ్చు. కానీ ఒకసారి చితి మీద పెట్టాక, గ్యాస్ దహనవాటికలోకి పంపాక, పరీక్షకు పనికొచ్చేది దాదాపుగా ఏమీ మిగలదు.

ల్యాబుల మీద ఇప్పటికే పని ఎక్కువ అని అంటారు. నిజమే కావచ్చు. అయితే పన్నును ఆరబెట్టి, కాగితం కవరులో పెట్టి, సీలు వేసి, తడి తగలకుండా ఉంచితే దానికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. పరీక్ష ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది చేయవచ్చు. పన్నే లేకపోతే ఎప్పటికీ చేయలేం. దీనికి కావలసిన సరంజామా మీ దగ్గర ఉంది. మంగళగిరిలో రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం ఉంది, ఎయిమ్స్ ఉంది, ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది. గుంటూరులో, విజయవాడలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, వాటిలో ఫోరెన్సిక్ డాక్టర్లు ఉన్నారు. హత్య అనుమానం గట్టిగా ఉన్న కేసుల్లో శాంపిల్ తీయడం జరుగుతూనే ఉంది. నేను అడిగేది అనుమానం లేదనుకున్న కేసుల గురించి. ఎవరో తెలియని మనిషి మరణంలో అనుమానం లేదని ముందే ఎలా తేల్చగలం?

తలుచుకుంటే ఇది మన దేశంలోనే చేశారు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగింది. మన విజయవాడ మీదుగా చెన్నై చేరాల్సిన బండి అది. 296 మంది చనిపోయారు. గుర్తుపట్టలేని మృతదేహాలను భువనేశ్వర్ ఎయిమ్స్‌లో కంటైనర్లలో చల్లబరిచి ఉంచారు. వెతుక్కుంటూ వచ్చిన బంధువుల రక్తం తీసుకున్నారు. ఒకే శవాన్ని మావాడంటే మావాడని రెండు మూడు కుటుంబాలు అడిగినచోట డీఎన్‌ఏ తేల్చింది. చివరికి ఎవరూ రాని 28 మృతదేహాలకు నాలుగు నెలలు ఆగాక, అక్టోబరులో అంత్యక్రియలు చేశారు. మన దగ్గర సాధారణంగా ఆగేది మూడు రోజులు.

2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడు కేరళ ప్రభుత్వం ఇంకో మంచి పని చేసింది. గుర్తుపట్టలేని శవాలను, శరీర భాగాలను కూడా డీఎన్‌ఏ శాంపిల్ తీశాకే పుత్తుమలలో పూడ్చింది. ఒక్కో గోతికి ఒక్కో నంబరు వేసింది. తర్వాత పరీక్షలో ఎవరిదో తేలితే, ఆ నంబరు చూసుకుని కుటుంబం అక్కడికి వెళ్లగలిగింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో ఎవరు ఎవరో తెలియకుండానే సామూహికంగా దహనాలు, ఖననాలు జరిగిపోయాయి. ఆ రోజుల్లో ఈ సాంకేతికత లేదు, ఎవరినీ తప్పుపట్టలేం. ఇప్పుడు ఉంది.

పూడ్చడానికీ కాల్చడానికీ ఉన్న తేడా ఎంతో చెప్పే కేసులు రెండు ఉన్నాయి. 2012లో మహారాష్ట్ర రాయగఢ్ జిల్లా అడవిలో కాలిన శవం దొరికితే, ఎవరో తెలియక అక్కడే పూడ్చేశారు. 2015లో ముంబై పోలీసులకు వేరే దారిలో సమాచారం వచ్చింది. వెళ్లి తవ్వారు, ఎముకలు దొరికాయి, పరీక్షకు పంపారు. ఆ కేసు కోర్టులో ఉంది కాబట్టి మిగతా విషయాల జోలికి పోను. ఇంకొకటి అమెరికాది. ప్రకాశం బ్యారేజీ మొదలైన 1957లోనే, ఫిలడెల్ఫియాలో ఒక అట్టపెట్టెలో చిన్న పిల్లవాడి శవం దొరికింది. ఒంటినిండా దెబ్బలు. ఎవరి బిడ్డో ఎవరికీ తెలియలేదు. దర్యాప్తు చేసిన అధికారులు రిటైరయ్యారు, చనిపోయారు, కొత్తవాళ్లు ఫైలు అందుకున్నారు. సమాధిని రెండుసార్లు తవ్వి శాంపిల్ తీశారు. 65 ఏళ్ల తర్వాత, 2022 డిసెంబరులో ఆ పిల్లవాడి పేరు ప్రకటించారు. ఆ బిడ్డను అప్పుడే దహనం చేసి ఉంటే ఈ రోజుకీ పేరు ఉండేది కాదు. నాకు ఈ కేసులో నచ్చేది ల్యాబు గొప్పతనం కంటే, అన్నేళ్లు ఆ ఫైలును ఎవరో ఒకరు వదలకుండా పట్టుకోవడం.

చట్టం ఏమంటోంది? గుర్తుతెలియని మృతదేహాలకు డీఎన్‌ఏ ప్రొఫైల్ తీయాలని 2012లో లోక్‌నీతి ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018లో కేంద్రం చట్టం తెస్తామని కోర్టుకు చెప్పింది. 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లులో తప్పిపోయినవారికి ఒక సూచిక (డీఎన్‌ఏ వివరాల జాబితా), గుర్తుతెలియని మృతులకు ఒక సూచిక విడిగా ఉన్నాయి. 2023లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. డీఎన్‌ఏ సమాచారం దుర్వినియోగం అవుతుందన్న భయాలు అప్పుడు గట్టిగా వినిపించాయి, అవి తీసిపారేయదగినవి కావు. కానీ చనిపోయిన మనిషి పన్ను దాచడానికి, తమంతట తాముగా ముందుకొచ్చిన తల్లి రక్తపు చుక్క తీసుకోవడానికి పార్లమెంటు చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద శవ పంచనామా ఎలాగూ చేస్తున్నారు. 196వ సెక్షన్ కింద పూడ్చిన శవాన్ని బయటికి తీయించి పరీక్ష చేయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. కాల్చేసిన శవం విషయంలో ఆ అధికారం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తప్పిపోయినవాళ్ల ఇళ్లలో ఏం జరుగుతుందో రెవెన్యూలో పనిచేసినవాళ్లకు దగ్గరగా తెలుస్తుంది. భర్త కనబడకుండా పోయిన ఆడవాళ్లు నా ఆఫీసుకు వచ్చేవారు. మరణ ధ్రువపత్రం ఉండదు కాబట్టి వితంతు పింఛను రాదు. పాస్‌పుస్తకం పేరు మారదు. బ్యాంకులో డబ్బు, ఎల్‌ఐసీ పాలసీ అలాగే ఆగిపోతాయి. ఏడేళ్లు ఎవరికీ కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది, కానీ అది నిరూపించుకోవడానికి మళ్లీ కోర్టుకు వెళ్లాలి. కూలికి పోయే మనిషి కోర్టుకు ఎప్పుడు పోతుంది? ఇక ఇంట్లో సంగతి. దినం చేయాలా వద్దా, ఆబ్దికం ఏ తిథికి పెట్టాలి, నుదుటి బొట్టు ఉంచుకోవాలా తీసేయాలా, బంధువుల్లో తలా ఒక మాట. పెళ్లికి పిలిచేవాళ్లకు కూడా ఆమెను ఎలా పిలవాలో తెలియదు. ఆ భర్త ఎక్కడో పక్క జిల్లాలో ఎప్పుడో దహనమైపోయి ఉండవచ్చు. ఆ సంగతి ఆమెకు చెప్పగలిగే ఆధారాన్ని మనమే బూడిద చేసేస్తున్నాం.

ఎవరూ లేని బిచ్చగాళ్ల కోసం ఇంత అవసరమా అని నన్ను ఒకరిద్దరు అడిగారు. ఎవరూ లేరని ఎవరు చెప్పారు? అలా అనుకుని పంపించినవాళ్లలో ఎంతమంది మతి చెడి ఇల్లు వదిలి వచ్చినవాళ్లో, ఎంతమంది అమ్మానాన్నలో మనకు తెలియదు. చనిపోయిన మనిషికీ గౌరవం హక్కేనని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ఇల్లు లేని నిరాశ్రయుడికి కూడా మర్యాదగా అంత్యక్రియలు జరగాలని 2002లో చెప్పింది. మన కానిస్టేబుళ్లు, మార్చురీ సిబ్బంది, స్వచ్ఛందంగా వచ్చే కుర్రాళ్లు ఆ మర్యాద తమ చేతనైనంత చేస్తూనే ఉన్నారు. తెల్లగుడ్డ, పూలదండ సొంత డబ్బుతో కొన్నవాళ్లను చూశాను. వాళ్లకు ఆ ఖర్చు కూడా ప్రభుత్వం నుంచే సకాలంలో అందాలి.

ఉత్తర్వుతో పాటు ఇంకో రెండు పనులు చేయించండి. ఎన్టీఆర్, గుంటూరు, కృష్ణా, బాపట్ల, ఏలూరు, పల్నాడు జిల్లాల పోలీసులు, రైల్వే పోలీసులు నెలకోసారి ఒకచోట కూర్చుని మిస్సింగ్ ఫైళ్లు, గుర్తుతెలియని మృతుల ఫైళ్లు పక్కపక్కన పెట్టి చూడాలి. కంప్యూటర్ పట్టుకోలేనిది అనుభవమున్న హెడ్ కానిస్టేబుల్ కన్ను పట్టుకుంటుంది. రెండోది, మనిషి తప్పిపోయి నెల దాటిన ప్రతి కుటుంబాన్నీ మీరే పిలిచి, ఇష్టమైతే తల్లిదో తండ్రిదో బిడ్డలదో శాంపిల్ తీసుకోండి. ముసలి తల్లిదండ్రులు ఎన్నాళ్లు ఉంటారు? వాళ్లు పోతే పోల్చడం ఇంకా కష్టమవుతుంది. ఆ శాంపిల్ ఇంకే కేసుకూ వాడబోమని రాసివ్వండి, జనం నమ్ముతారు.

చివరిగా కాలువలో దొరికిన ఆ అమ్మాయి గురించి. అమ్మాయి అంటున్నాను, నా చెల్లెలి ఈడు మనిషి. ఆమెను కాల్చలేదు, పూడ్చారు. పుర్రెలో దవడ పళ్లు ఉన్నాయి, నేను చూశాను. ఆ శ్మశానాన్ని చదును చేసి చుట్టూ గోడ కట్టాలన్న ప్రతిపాదన ఉందని ఊళ్లో అనుకుంటున్నారు. ఆ పని మొదలయ్యేలోపే ఆ ఫైలు తిరిగి తెరిపించి, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ఆ ఎముకలు తీయించి ల్యాబుకు పంపండి. మెట్టెలు, తాళంచెవి ప్రాపర్టీ రూములో ఉంటే వాటి ఫొటోలు రాష్ట్రంలోని అన్ని స్టేషన్లకూ, పక్క రాష్ట్రాలకూ పంపండి. పంచనామా నకలు నా దగ్గర ఉంది. పూడ్చిన చోటు నాకు గుర్తుంది. మీ అధికారి ఏ రోజు రమ్మన్నా వచ్చి చూపిస్తాను.

ఇట్లు
రిటైర్డ్ వీఆర్వో, గుంటూరు జిల్లా